ఎస్.కోట దాటాక ఘాట్‌లో కారు లాగడం లేదు, బోరు చేయించాలా?

ప్రశ్న (విజయనగరం): నాలుగు సిలిండర్ల పెట్రోలు కారు, 1,20,000 కిలోమీటర్లు తిరిగింది. ఎస్.కోట దాటి అనంతగిరి ఘాట్ ఎక్కితే రెండో గేరులోనూ లాగడం లేదు. ఐడిలింగ్‌లో వణుకుతోంది. పొగ లేదు, ఆయిల్ తగ్గట్లేదు. ఇంజనుకి పెద్ద రిపేరు పడింది, బోరు (సిలిండర్ లోపలి గోడ కోసి సరిచేయడం) చేయాలని మెకానిక్కులు అంటున్నారు. ఏటి చేయమంటారు?

జవాబు (శ్రీకాకుళం): అప్పుడే ఒప్పుకోకండి బాబూ. ఆయిల్ తాగని, నీలం పొగ రాని ఇంజనుకి బోరు మాట తొందరపాటు.

పిస్టన్ దిగేటప్పుడు ఇన్‌టేక్ వాల్వు తెరుచుకుని గాలి, పెట్రోలు లోపలికొస్తాయి. ఎక్కేటప్పుడు రెండు వాల్వులూ మూసుకుంటాయి, లోపలున్నది దాదాపు పదో వంతుకి నలుగుతుంది. పిస్టన్ పై అంచుకి చేరే ముందే స్పార్క్ ప్లగ్ నిప్పు అంటిస్తుంది. ఆ తోపుకి పిస్టన్ దిగుతుంది. పిస్టన్ ఒకసారి ఎక్కినా దిగినా ఒక స్ట్రోకు; బండిని లాగేది ఈ ఒక్క స్ట్రోకే. నాలుగోసారి ఎగ్జాస్ట్ వాల్వులోంచి పొగ బయటికి పోతుంది. ఈ నాలుగింటికీ క్రాంక్ (పిస్టన్లు తిప్పే ఇరుసు) రెండు చుట్లు తిరిగితే క్యామ్ (వాల్వులు తెరిచే ఇరుసు) ఒక్క చుట్టే. 3000 ఆర్‌పీఎమ్‌లో ఒక్కో స్ట్రోకుకి సెకనులో నూరో వంతే టైము. నలిపే స్ట్రోకులో వాల్వు వెంట్రుకంత సందు వదిలినా మూడోదానికి బలం రాదు.

ముందు ఏ సిలిండర్ మిస్సవుతోందో (సరిగ్గా మండట్లేదో) చూసి, దాని కాయిల్ (ప్లగ్‌కి కరెంటిచ్చేది), ప్లగ్ పక్క సిలిండర్‌కి మార్చండి. మిస్సింగ్ కూడా పక్కకి మారితే తప్పు వాటిదే. మారకపోతే కంప్రెషన్ (నలిపే స్ట్రోకులో వచ్చే ఒత్తిడి) చూడాలి.

మరొకరు (బొబ్బిలి): కంప్రెషన్ సరిగ్గా చూసేవాళ్ళు తక్కువ, దగ్గరుండి చేయించండి. ఇంజను వేడెక్కాక నాలుగు ప్లగ్‌లూ తీయాలి. పెట్రోలు పంపు ఫ్యూజ్, కాయిల్ కనెక్టర్లు పీకాలి. యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కిపట్టి, ఒక్కో సిలిండర్‌కి గేజ్ బిగించి ఐదారు చుట్లు సెల్ఫ్ కొట్టాలి. తొక్కకపోతే గాలి చాలక అన్నీ తక్కువే చూపిస్తాయి. తర్వాత తక్కువున్న దాంట్లో ఒక టీస్పూను ఇంజనాయిల్ పోసి మళ్ళీ చూడండి. బాగా పెరిగితే లోపం పిస్టన్ రింగులది, పెరగకపోతే వాల్వుది. పక్కపక్కన రెండు పడిపోతే హెడ్ (ఇంజను పై భాగం) కింద సీలులా ఉండే గ్యాస్కెట్‌ని అనుమానించాలి.

అడిగినవారు: కాయిల్, ప్లగ్ మార్చినా మిస్సింగ్ రెండో సిలిండర్‌లోనే ఉందండి. నాలుగు సిలిండర్ల కంప్రెషన్ పీఎస్‌ఐ (ఒత్తిడి కొలత) లెక్కన వరసగా 170, 90, 172, 168. ఆయిల్ పోశాక రెండోది 95.

జవాబు (శ్రీకాకుళం): అయితే వాల్వే. ఏ వాల్వో చెవికే తెలుస్తుంది. ఇంజను చల్లారాక రెండో పిస్టన్‌ని కంప్రెషన్ స్ట్రోకు చివర పై అంచున నిలపండి. బండి గేరులో, హ్యాండ్‌బ్రేక్ వేసి ఉండాలి. బెల్టు దగ్గర చేతులు పెట్టొద్దు. ప్లగ్ కన్నంలోంచి కంప్రెసర్ గాలి కొట్టి వినండి. సైలెన్సర్‌లో బుస్సుమంటే ఎగ్జాస్ట్ వాల్వు, థ్రాటిల్ దగ్గరైతే ఇన్‌టేక్ వాల్వు, ఆయిల్ మూత దగ్గరైతే రింగులు. రేడియేటర్‌లో బుడగలొస్తే గ్యాస్కెట్. పిస్టన్ ఎగ్జాస్ట్ స్ట్రోకులో ఉంటే వాల్వు తెరిచే ఉంటుంది కాబట్టి సైలెన్సర్‌లో మోత ఎలాగూ వస్తుంది, మోసపోకండి.

మరొకరు (బొబ్బిలి): హెడ్ విప్పే ముందు ట్యాపెట్ సందు (వాల్వుకీ, దాన్ని నొక్కే భాగానికీ మధ్య ఖాళీ) ఫీలర్ గేజ్ అనే పల్చటి రేకులతో కొలవండి. సందు లేకపోతే వాల్వు పూర్తిగా కూర్చోదు, సెట్ చేస్తే చాలొచ్చు. సందు సరిగ్గా ఉంటేనే హెడ్ దింపి, వాల్వు కాలిందేమో చూసి, మార్చి, సీటుకి పేస్టుతో నూరాలి. గ్యాస్కెట్ కొత్తదే వేయాలి. బోల్టులు మధ్య నుంచి అంచులకి, మాన్యువల్ చెప్పిన టార్క్‌లో విడతలుగా బిగించాలి. బోరు జోలికి వెళ్ళక్కర్లేదు.