పెరిమీటర్‌లోని ‘పెరి’, పరిమితిలోని ‘పరి’ ఒకటేనా?

ప్రశ్న: ఆరో తరగతి చదువుతున్న మా అమ్మాయి లెక్కల పుస్తకంలో ‘పెరిమీటర్’ అన్న మాట చూసి, ఇది మన ‘పరిమితి’ కాదా అని అడిగింది. గ్రీకులు మన నుంచి తీసుకున్నారా, మనం వారి నుంచి తీసుకున్నామా? తెలిసిన పెద్దలు వివరించగోరుతున్నాను.

సమాధానం: ఎవరి నుంచీ ఎవరూ తీసుకోలేదండీ. గ్రీకు ‘పెరి’, సంస్కృత ‘పరి’ ఒకే ఇండో-యూరోపియన్ మూలభాష నుంచి విడివిడిగా వచ్చిన తోబుట్టువులు. మూలభాషలోని ఎకారం సంస్కృతంలో అకారమైంది కనుక అక్కడి ‘పెరి’ ఇక్కడ ‘పరి’గా వినిపిస్తుంది. రెండింటికీ ‘చుట్టూ’ అనే అర్థం ఉంది. ‘మీటర్’కు మూలమైన గ్రీకు ‘మెట్రాన్’, ‘మితి’కి మూలమైన సంస్కృత ‘మా’ ధాతువు రెండూ కొలతకు సంబంధించినవే కాబట్టి మీ అమ్మాయి పోలిక సరైనదే. అయితే గ్రీకు మాట చుట్టుకొలత దగ్గరే ఆగగా, మన మాట హద్దు అన్న అర్థానికి జరిగింది. 1706లో గణితవేత్త విలియం జోన్స్ వృత్త పరిధికీ వ్యాసానికీ గల నిష్పత్తికి వాడిన ‘పై’ (π) గుర్తు కూడా ‘పెరిఫెరీ’ అన్న గ్రీకు మాటకు తొలి అక్షరమే. బడిలోని ‘పీరియడ్’ సైతం ఈ కుటుంబానిదే: ‘పెరి’కి దారి అనే అర్థమున్న ‘హొడోస్’ చేరి, చుట్టి వచ్చే దారి అయింది. గ్రీకులో ‘పెరి’కి ‘గురించి’ అన్న అర్థమూ ఉంది. మన ‘పరి’ మాత్రం పరిపూర్ణం, పరిపక్వం వంటి మాటలలో ‘పూర్తిగా’ అనే అర్థాన్నిచ్చింది.

మరొక ప్రశ్న: అలాగైతే పెరుగుట, పెరియార్, ప్యారడైజ్ కూడా ఇందులోకి వస్తాయా?

సమాధానం: మొదటి రెండూ రావు. అవి ‘పెద్ద’ అనే అర్థమున్న ద్రావిడ ధాతువుకు చెందినవి. ధ్వని కలిసినంత మాత్రాన చుట్టరికం కలుపుకోరాదు. ప్యారడైజ్ మాత్రం తప్పక వస్తుంది, కానీ వచ్చిన దారి వేరు. ప్రాచీన ఇరానీ భాషలో ‘పైరి’ అంటే చుట్టూ, ‘దయెజ’ అంటే గోడ. చుట్టూ గోడ కట్టిన తోట అన్న ఆ మాటను గ్రీకులు ‘పరదేయిసోస్’గా పలికారు. చూడటానికి గ్రీకు ‘పరా’ ఉపసర్గలా కనిపించినా, నిజానికి అది ‘పెరి’కి ఇరానీ తోబుట్టువే.

నాకు అన్నిటికన్నా ముచ్చటగొలిపేది మన భూగోళ పాఠంలోని ‘పరిహేళి’. భూమి జనవరి మొదటి వారంలో సూర్యునికి అత్యంత సమీపంగా, దాదాపు 14.7 కోట్ల కిలోమీటర్ల దూరానికి వచ్చే స్థానాన్ని అలా అంటాము. ఇందులో ‘పరి’ సంస్కృతమే. సూర్యునికి పర్యాయంగా వరాహమిహిరుడు బృహజ్జాతకంలో వాడిన ‘హేళి’ మాత్రం గ్రీకు ‘హేలియోస్’ నుంచి వచ్చిన అరువు మాట.