‘ఫలానావాని పెండ్లాం’: ఇది పేరా, ఆనవాలా?

(ముగ్గురి మాటలు ఇవి; పేర్లకు బదులు వాళ్ల ఊర్లు పెట్టినాం.)

ప్రొద్దుటూరు: పాత ఓటర్ల జాబితాల ముచ్చట వస్తే ‘ఫలానావాని పెండ్లాం’ అనే మాట వినిపిస్తుంది. దీన్ని ‘భార్య’ అని రాస్తే అర్థం మారుతుందా?

ఆదోని: అర్థం మారదన్నా, మర్యాద మారుతుంది. అసలు మెలిక ‘వాని’ దగ్గర ఉంది. ఫలానావాడు అనే మాట షష్ఠీ విభక్తిలో ఫలానావాని అయింది. మాట ఆమె గురించే, ఆనవాలు మాత్రం ఆయనది. చట్టం కూడా అట్లే నడిచింది. 1921లో మద్రాసు శాసనమండలి ఆడవాళ్లకు ఓటిచ్చింది, బ్రిటిష్ పాలనలోని రాష్ట్రాల్లో అదే మొదటిది. కానీ మగవాళ్లకున్న ఆస్తి అర్హతే వీళ్లకూ పెట్టినారు. పట్టా ఆమె పేరుమీద లేకుంటే ఓటూ లేదు. 1935 భారత ప్రభుత్వ చట్టం ఇంకో దారి తెరిచింది: మొగునికి అర్హత ఉంటే పెండ్లానికీ ఓటు. అంటే 1937 ఎన్నికల్లో ‘ఫలానావాని పెండ్లాం’ అనేదే ఒక అర్హత!

అనంతపురం: 1951–52కు వచ్చేసరికి అదే మాట ఓటు తీసేసింది. వయోజనులందరికీ హక్కు వచ్చింది, కాబట్టి మొగుని ఆస్తితో పని లేదు, ఆమె పేరే కావాలి. ఓటర్ల వివరాలు రాసుకునే గణకులకు సొంత పేరు చెప్పకుండా ఫలానావాని తల్లి, ఫలానావాని పెండ్లాం అని రాయించుకున్నవాళ్ల పేర్లు చేర్చొద్దని ఎన్నికల సంఘం పట్టుబట్టింది. అప్పటి ప్రధాన ఎన్నికల కమిషనర్ సుకుమార్ సేన్. సుమారు 8 కోట్ల ఆడ ఓటర్లలో దగ్గరదగ్గర 28 లక్షల మంది జాబితాలో నుంచి పోయినారు.

ప్రొద్దుటూరు: మన కడపలో కూడానా?

అనంతపురం: కాదు, ఆ లెక్క మనకు అంటగట్టొద్దు. దాదాపు అంతా అప్పటి బీహార్, ఉత్తరప్రదేశ్, మధ్యభారత్, రాజస్థాన్, వింధ్యప్రదేశ్ రాష్ట్రాలది. మన జిల్లాలు అప్పటికి మద్రాసు రాష్ట్రంలో ఉండె.

ఆదోని: ఇంకో సంగతి. సభ్యుడికి సభ్యురాలు, అధ్యక్షుడికి అధ్యక్షురాలు ఉన్నాయి. ‘ఓటరు’కు మాత్రం ‘రాలు’ తగిలించే పని పడలేదు. ‘ఓటరు వచ్చినాడు’, ‘ఓటరు వచ్చింది’ అని క్రియే చెప్తుంది. అరువు మాట కావడం ఇక్కడ కలిసొచ్చింది.

ప్రొద్దుటూరు: ఇప్పుడు కొత్తగా ఓటు నమోదు చేసుకునే ఫారంలో మొగుని పేరు రాయాల్సిందేనా అక్కా?

ఆదోని: అక్కర్లేదు. ఫారం 6లో తండ్రి, తల్లి, భర్త ఎవరి పేరైనా చాలు. పెండ్లయి ఊరు మారితే మళ్లీ ఫారం 6 వేయొద్దు. రెండుచోట్ల పేరు పడుతుంది, అది చట్టవిరుద్ధం. చిరునామా మార్చాలన్నా, అక్షరం దిద్దాలన్నా ఫారం 8. ఆన్‌లైన్‌లో ఇంగ్లీషు అక్షరాలు కొడితే తెలుగు దానంతటదే పడుతుంది, ఓబులమ్మ కాస్తా ‘ఒబులమ్మ’ అవుతుంది. పంపేముందు తెలుగు గడి వేరేగా చదువుకోండి. పేరు ఆధార్‌లో ‘లక్ష్మీదేవి’, జాబితాలో ‘లక్ష్మీదేవమ్మ’ అని ఉంటే పోలింగ్ రోజున కాదు, ఇప్పుడే సరిచేయించుకోవాల.