కృప పొందిన విశ్వాసి పాత మోసాల సొమ్మును ఎలా తిరిగి చెల్లించాలి?

నమ్మి డబ్బు దాచుకున్నవారిని ఒకప్పుడు దొంగ లెక్కలతో మోసగించిన మా అన్నయ్య, మారుమనస్సు పొంది బాప్తిస్మం తీసుకున్నాక, ఆ పాత ఖాతా పుస్తకం ముందేసుకుని ఒక్కొక్క పేరు పక్కన తిరిగి ఇవ్వవలసినది పెన్సిలుతో రాసుకుంటున్నాడు. రక్షణ క్రియలవలన కాక కృపచేతనే కలుగుతుందని ఎఫెసీయులకు 2:8-9 చెబుతుంది. అయినా లూకా 19:8లో సుంకపు గుత్తదారుడైన (పన్నులు వసూలు చేసే) జక్కయ్య అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగంతలు చెల్లిస్తానన్నాడు. అది రక్షణకు వెల కాదు, ఫలమని నా దృఢమైన నమ్మకం.

అయితే ఆ పేర్లలో కొందరు చనిపోయారు. నష్టపోయినవాడికి రక్తసంబంధి లేకపోతే ఆ సొమ్ము యాజకునికి చెందాలని సంఖ్యాకాండము 5:8 విధించింది. వారసులు దొరకనప్పుడు నేటి విశ్వాసి ఆ డబ్బును ఏం చేయాలి? వారసులు ఉన్నచోట, పాత గాయాన్ని రేపకుండా వారిని ఎలా కలవాలి? ఈ దారిలో నడిచినవారు, సంఘ కాపరులు దయచేసి తెలియజేయగలరు.