అమ్మను "తమ్ముణ్ణి క్షమించు" అని బలవంతపెట్టొచ్చా?

చిత్తూరు కూతురు:
మా అమ్మకు రెండేళ్లుగా డయాలసిస్. వారానికి మూడుసార్లు తెల్లవారకముందే చిత్తూరు నుంచి తిరుపతి బస్సెక్కాలి, మిషన్ మీద నాలుగు గంటలు, మళ్లీ బస్సు. నాయన పోయిన ఏడాదే మా మేనమామ బ్యాంకు లోను కాగితాలని చెప్పి అమ్మతో సంతకాలు పెట్టించుకుని, రెండెకరాల మామిడితోట తన పేరున రాయించుకున్నాడు. ఇప్పుడు చూడ్డానికి వస్తానంటున్నాడు, అమ్మ వద్దంటోంది. పెద్దమ్మ, పిన్ని రోజూ ఫోన్ చేసి "వదిలేయ్, మనసు తేలికైతే బీపీ అదే దిగుతుంది" అంటున్నారు. నేనూ ఒకసారి అన్నాను. ఆ పూట అమ్మ అన్నం ముట్టలేదు. మీరేమంటారు?

రేణిగుంట మాస్టారు:
క్షమించమనే అంటానమ్మా, ఆయన కోసం కాదు, మీ అమ్మగారి కోసం. 2001లో అమెరికాలో షార్లెట్ విట్‌వ్లీట్ అనే సైకాలజిస్టు 71 మంది విద్యార్థులతో ఒక ప్రయోగం చేశారు. తమను బాధపెట్టిన మనిషిని కక్షతో తలుచుకున్నప్పుడు గుండె వేగం, బీపీ బాగా పెరిగాయి, క్షమిస్తున్నట్టు ఊహించుకుంటే అంత పెరగలేదు. నాకు స్టెంట్ వేశారు. మా అన్నతో పదకొండేళ్లు మాటల్లేవు, గంగజాతరలో ఎదురుపడితే నేనే పలకరించాను. ఆ రాత్రి పట్టిన నిద్ర మళ్లీ మళ్లీ గుర్తొస్తుంది.

కొర్లగుంట అక్క:
మాస్టారూ, మీ నిద్రను నేను కాదనను. కానీ వాళ్లు కాలేజీ పిల్లలు, కాసేపు ఊహించుకున్నారు, అంతే. అది పట్టుకుని కిడ్నీలు పోయిన మనిషితో "నువ్వు క్షమించకపోబట్టే బీపీ" అంటే రోగం కూడా ఆమె తప్పే అయిపోతుంది కదా! నాకు పద్దెనిమిదేళ్లుగా కీళ్లవాతం. "మనసులో ఏదో పెట్టుకున్నావు, అందుకే తగ్గట్లేదు" అని చుట్టాలు అన్న మాటలు వేళ్ల నొప్పికన్నా ఎక్కువ బాధపెట్టాయి. అరణ్యపర్వంలో ద్రౌపది ధర్మరాజుతో వాదిస్తూ ప్రహ్లాదుడు బలికి చెప్పింది ఎత్తుతుంది: ఎప్పుడూ కోపమే మంచిది కాదు, ఎప్పుడూ క్షమే మంచిది కాదు. ఇంతకీ మీ మామ తప్పు చేశానని ఒక్క మాటన్నా అన్నాడా?

చిత్తూరు కూతురు:
లేదక్కా. పోయిన వేసవిలో ఆ తోటవే ఒక పెట్టె పండ్లు పంపాడు. పొటాషియం చేరుతుందని అమ్మను మామిడిపండు తినొద్దన్నారు, అది మామకూ తెలుసు. అమ్మ ఒక పండు తీసి వాసన చూసి, పెట్టె మొత్తం పక్కింటివాళ్లకు ఇచ్చేయమంది.

డయాలసిస్ సిస్టర్:
పన్నెండేళ్లుగా ఈ పనిలో ఉన్నాను కాబట్టి చెప్తున్నా. వీళ్లకు బీపీ పెరగడానికి ఎక్కువగా కారణం ఒంట్లో చేరే నీరు, తినే ఉప్పు. రెండు డయాలసిస్‌ల మధ్య ఎన్ని కిలోలు పెరుగుతోందో ముందు అది చూడండి. ఇక కోపం సంగతి. నాలుగు గంటలు కదలకుండా పడుకున్న మనిషికి పాతవన్నీ గుర్తుకు రాక ఏమవుతాయి, ఆ పక్కన కూర్చుని ఎన్ని కథలు విన్నానో! ఎవరెట్ వర్తింగ్‌టన్ అనే సైకాలజిస్టు క్షమలో రెండు రకాలున్నాయంటారు, పగ తీర్చుకోనని నిర్ణయించుకోవడం ఒకటి, లోపలి కోపం కరగడం ఇంకొకటి. మొదటిది మనిషి చేతిలో ఉంటుంది, రెండోదాన్ని ఎవరూ తొందరపెట్టలేరు. పైగా క్షమించినా ఇంట్లోకి రానివ్వాలని లేదు, తోట వదులుకోవాలనీ లేదు. కాగితాలు వకీలుకు చూపించండి. అమ్మను "క్షమిస్తావా" అని అడక్కుండా "ఆ తోట గురించి చెప్పమ్మా" అని అడిగి చూడండి.

చిత్తూరు కూతురు:
సిస్టర్, నిన్న బస్సులో అడిగాను. పూతలపట్టు దాటినప్పటి నుంచి చంద్రగిరి వచ్చేదాకా చెప్తూనే ఉంది. నాయన ఏ చెట్టు ఎప్పుడు నాటాడో, బావిలో నీళ్లు పడ్డ రోజు ఎవరెవరికి భోజనం పెట్టారో, అన్నీ. మామ పేరు ఒక్కసారి కూడా ఎత్తలేదు. దిగేముందు మాత్రం "వాణ్ణి ఇప్పుడు రావద్దని చెప్పు" అంది. చెప్పేశాను. పెద్దమ్మకు కోపం వచ్చింది. వకీలును సోమవారం కలుస్తున్నాం.