నాలుగు సర్వోల రోబో చేతికి భుజం దగ్గర ఏ సర్వో వాడాలి?

అందరికీ నమస్కారం. మా అమ్మాయి తొమ్మిదో తరగతి. సైన్స్ ఫెయిర్ కోసం ఇద్దరం కలిసి నాలుగు సర్వోలతో (చెప్పిన కోణానికి తిరిగి ఆగే చిన్న మోటార్లు) చిన్న రోబో చేయి చేస్తున్నాం. అన్నీ 9 గ్రాముల ప్లాస్టిక్ గేర్లవే. భుజం నుంచి గ్రిప్పర్ (వస్తువును పట్టుకునే కొన) దాకా 16 సెం.మీ. పొడవు. చివర 80 గ్రాముల డబ్బా ఎత్తాలంటే దానికే దాదాపు 1.3 కేజీ-సెం.మీ. టార్క్ (తిప్పే బలం) కావాలి. చేయి సొంత బరువు కూడా కలిపితే ఈ సర్వోకి రాసి ఉన్న 1.8 దాటిపోతోంది. నిన్న భుజం సర్వోలో గేరు పళ్లు అరిగిపోయాయి, పాపం పిల్ల చాలా బాధపడింది.

ఎంజీ90ఎస్ అనే మెటల్ గేర్ల సర్వో వేస్తే పళ్లు నిలుస్తాయి కానీ బలం పెద్దగా పెరగదు కదా? భుజానికి మాత్రం ఎంజీ996ఆర్ లాంటి పెద్దది పెట్టడమే మంచిదా, లేక వెనక బరువు కట్టి బ్యాలెన్స్ చేయొచ్చా?

ఇంకోటి, రెండు సర్వోలు ఒకేసారి కదిలితే వాటిని నడిపే కంట్రోలర్ బోర్డు రీసెట్ అవుతోంది. ఇప్పుడు కరెంటు బోర్డు 5 వోల్టుల పిన్ నుంచే ఇస్తున్నాం. సర్వోలకు విడిగా 5 వోల్టుల అడాప్టర్ పెట్టి, గ్రౌండ్ (నెగటివ్ వైరు) మాత్రం బోర్డుతో కలిపితే సరిపోతుందా? ఎన్ని ఆంపియర్లది కొనాలి? చేసి చూసినవాళ్లు దయచేసి చెప్పండి.