2016 నాటి కార్డు బాకీకి ఇప్పుడు ఫోన్లు. 2 వేలు టోకెన్ కట్టమంటున్నారు, కట్టేయనా?

ప్రశ్న: 2016లో ఉద్యోగం పోయినప్పుడు క్రెడిట్ కార్డు మీద 42 వేలు ఆగిపోయింది. ఆ నవంబరు తర్వాత నేను ఒక్క రూపాయి కట్టలేదు, వాళ్లూ కోర్టుకు వెళ్లలేదు. ఇప్పుడెవరో ఫోన్ చేసి మీ లోన్ మేం కొన్నాం, 1,86,000 అయింది అంటున్నారు. నిన్న పొద్దున ఆరున్నరకి ఊళ్లో మా అమ్మకి చేసి అరెస్ట్ వారంట్ వచ్చిందన్నారు. ఆవిడ కాఫీ కూడా తాగలేదు. ఈరోజు 2 వేలు కడితే కేసు ఆపుతారట. కట్టేసి ఈ టెన్షన్ వదిలించుకోనా?

జవాబు: కట్టకండి. ఊళ్లో ప్రోనోటు సంగతి తెలుసుగా? మూడేళ్లు నిండేలోపు షావుకారు వచ్చి, ఓ వంద కట్టి, కట్టినట్టు నోటు వెనక చెల్లు రాసి సంతకం పెట్టమంటాడు. వంద మీద ఆశతో కాదు, నోటుకి కాలదోషం పట్టకూడదని, అంటే గడువు దాటి కోర్టులో వసూలు చేయలేకుండా పోకూడదని. 1963 నాటి కాలపరిమితి చట్టం ప్రకారం కార్డు బాకీకీ అవే మూడేళ్లు. మధ్యలో మీరేమీ రాసివ్వకపోతే మీది ఎప్పుడో దాటిపోయింది. దాటాక వేసిన చెల్లు ఒక్కటే గడువును తిరిగి తేలేదు. కానీ కడతానని రాసి సంతకం పెడితే, కాంట్రాక్టు చట్టం 25(3) కింద అది కొత్త ఒప్పందం. టోకెన్ వెనకాలే ఆ కాగితం వస్తుంది చూడండి. వాట్సాప్‌లో కూడా ఏదీ ఒప్పుకోకండి.

అప్పు కట్టలేకపోవడం సివిల్ వ్యవహారం, దానికి అరెస్టు చేయరు. చెక్కు బౌన్సయితే అది వేరే కథ.

ప్రశ్న: నోటీసు కూడా పంపారండీ. తక్కెడ బొమ్మ, ఎర్ర స్టాంపు ఉన్నాయి. కేసు నంబరు లేదు.

జవాబు: అయితే అది బెదిరింపు కాగితం. నిజంగా కోర్టు సమన్లు వస్తే మాత్రం పక్కన పడేయకండి, వకీలు చేత కాలదోషం సంగతి చెప్పించండి. వెళ్లకపోతే ఎక్స్‌పార్టీ డిక్రీ, అంటే మీ మాట వినకుండానే తీర్పు, అయ్యే ప్రమాదం ఉంది.

ఇక ఆ ఆరున్నర ఫోన్. ఉదయం 8కి ముందు, రాత్రి 7 తర్వాత వసూలు ఫోన్లు చేయకూడదని, ఇంట్లోవాళ్లను వేధించకూడదని ఆర్‌బీఐ 2022 ఆగస్టులోనే చెప్పింది. కాల్ లాగ్ దాచి బ్యాంకుకి ఫిర్యాదు రాయండి. 30 రోజుల్లో తేల్చకపోతే బ్యాంకుల మీద ఫిర్యాదులు వినే ఆర్‌బీఐ అంబుడ్స్‌మన్ ఉన్నారు, వివరాలకు 14448.

మరో సభ్యుడు: నాది 2021 మార్చిలో ఆగింది. నాకూ దాటినట్టేనా?

జవాబు: కోవిడ్ వల్ల 2020 మార్చి 15 నుంచి 2022 ఫిబ్రవరి 28 దాకా రోజుల్ని లెక్కలోంచి తీసేయమని సుప్రీంకోర్టు చెప్పింది. మీ మూడేళ్లు 2022 మార్చి 1 నుంచి లెక్కేసుకోండి.

ఇంకొకరు: అంటే తీసుకున్న అప్పు ఎగ్గొట్టమంటారా?

జవాబు: బాకీ తీరిపోయిందని ఎవరన్నారు? కోర్టు ద్వారా వసూలు చేసే దారి మూసుకుపోయింది, అంతే. కట్టాలనుంటే ముందు సెటిల్‌మెంట్ లెటర్ తీసుకోండి, ఏజెంటు ఫోన్‌పేకి మాత్రం పంపకండి. మీ అప్పుల చరిత్ర ఉండే సిబిల్ రిపోర్టులో ‘సెటిల్డ్’ (కొంత తగ్గించి తేల్చుకున్నది) అని పడుతుంది, దాన్ని ‘క్లోజ్డ్’ (పూర్తిగా కట్టేసింది) అనుకోవద్దు.

అడిగినవారు: ఇందాక మళ్లీ చేశాడు. లోన్ కొన్న కాగితం, మీ ఐడీ కార్డు మెయిల్ చేయండి అన్నాను. లైన్లో ఉండండి మేడమ్ అని కట్ చేశాడు. అమ్మ పక్కింటి అబ్బాయి చేత కాల్ లాగ్ ఫోటో తీయించి పంపింది. నాలుగు కాల్స్, మొదటిది 6:32కి. బ్యాంకుకి మెయిల్ పెట్టేశాను.