రాయి తగిలి ఆయిల్ సంప్ పగిలింది, ఇంజన్ పట్టేసింది, సర్వేయర్ సంప్ ఒక్కటే పాస్ చేస్తా అంటున్నాడు

హన్మకొండ_హ్యాచ్‌బ్యాక్:

అన్నలూ, టెన్షన్‌లో ఉన్నా, కొంచెం పెద్దగా రాస్తున్నా, ఏమనుకోకండి.

పోయిన శనివారం రాత్రి ఎనిమిదిన్నరకు భూపాలపల్లి నుంచి ఇంటికి వస్తున్నాం. రేగొండ దాటినాక రోడ్డు మీద ఎడమ పక్క సగం దాకా వడ్లు పోసి, నల్ల పరదా కప్పి, గాలికి లేవకుండా అంచుల పొడుగూ రాళ్లు పెట్టారు. నల్ల రోడ్డు మీద నల్ల పరదా, ఎదురుగా లారీవాడు డిమ్ కొట్టకుండా వస్తున్నాడు, కళ్లు మూసుకుపోయి బండి కొంచెం ఎడమకు జరిపాను. కింద ధన్‌మని తగిలింది. దిగి సెల్ లైట్ వేసి చూస్తే తలకాయంత రాయి బండి వెనక దొర్లి పడి ఉంది. బంపర్ కింద ఒక గీత తప్ప ఇంకేమీ కనపడలేదు. మళ్లీ ఎక్కి బయలుదేరాను.

ఒక కిలోమీటర్ వచ్చినాక మీటర్‌లో ఎర్రగా నూనె డబ్బా బొమ్మ వెలిగింది. ఆయిల్ తగ్గినట్టుంది, పరకాలలో ఒక లీటర్ పోయించుకుందాం అనుకున్నా. వెనక సీట్లో మా అమ్మ, పాప నిద్రపోతున్నారు, ఆ చీకట్లో ఎక్కడ ఆపుతాం చెప్పండి. ఇంకో ఆరు కిలోమీటర్లు వచ్చేసరికి ఇంజన్‌లో టకటకమని చప్పుడు మొదలై, పరకాల ఊరి మొదట్లో దానంతట అదే ఆగిపోయింది. సెల్ఫ్ కొడితే టక్‌మని ఒక్కసారి అని ఊరుకుంటుంది.

తెల్లారి టో చేయించి హన్మకొండలో కంపెనీ వర్క్‌షాప్‌లో వేశాను. ఇంజన్ అడుగున ఆయిల్ ఉండే తొట్టి, అదే సంప్, చీలింది, లోపల చుక్క ఆయిల్ లేదు అన్నారు. ఇంజన్ మొత్తం మార్చాలట, 1,38,000 పార్టులకే, లేబర్ వేరే. డ్యామేజీ లెక్కగట్టే ఇన్సూరెన్స్ సర్వేయర్ వచ్చి ఫొటోలు తీసుకున్నాడు, ఎలా జరిగిందో మొత్తం రాసిమ్మన్నాడు, లైట్ వెలిగిన సంగతి కూడా ఉన్నది ఉన్నట్టు రాసిచ్చాను. ఇప్పుడేమో సంప్, గ్యాస్కెట్ పాస్ చేస్తాను, ఇంజన్ మాత్రం రాదు అంటున్నాడు. బండి మూడున్నరేళ్లది, 1.2 పెట్రోల్, 41 వేలు తిరిగింది, ఒక్క క్లెయిమ్ కూడా లేదు. ఫుల్ ఇన్సూరెన్స్ సార్, బంపర్ టు బంపర్ అని ఏజెంట్ ప్రతి ఏడాదీ చెప్పి కట్టించుకున్నాడు. మరి ఇదేం లెక్క? కొట్లాడితే వస్తుందా?

పాత_స్పానర్:

తమ్మీ, ముందు నీ బండి సంగతి చెప్తా, ఇన్సూరెన్స్ సంగతి తెలిసినవాళ్లు చెప్తారు. ఆటోనగర్‌లో చాలా ఏళ్లు ఇదే పని చేసిన.

ఆ ఎర్ర బొమ్మ ఆయిల్ తగ్గిందని చెప్పే బొమ్మ కాదు. ఆయిల్ ప్రెజర్ పోయిందని చెప్పే బొమ్మ. ఈ రెంటికీ తేడా తెలియకనే సగం ఇంజన్లు మా దగ్గరికి వస్తయ్. లెవెల్ కొంచెం తగ్గితే అది వెలగదు, పంపుకు పీల్చుకోవడానికి ఆయిలే లేక గాలి పీలుస్తుంటే వెలుగుతుంది. పిస్టన్లు తిప్పే ఇరుసు క్రాంక్, ఆ క్రాంక్‌కూ బేరింగ్‌కూ మధ్య వెంట్రుక కన్నా పలచగా ఆయిల్ పొర ఉంటుంది, మొత్తం ఇంజన్ తిరిగేది ఆ పొర మీదనే. పొర పోతే ఇనుము ఇనుము రాసుకుంటుంది. ఆరు కిలోమీటర్లు అంటే నువ్వు మెల్లగా వచ్చినా ఏడు నిమిషాలు, నిమిషానికి రెండు వేల చుట్లు వేసుకో, 14,000 చుట్లు ఎండు క్రాంక్ తిరిగింది. అది ఊరి మొదటిదాకా తెచ్చిందే గొప్ప.

కానీ ఇంజన్ మొత్తం మార్చాలి అన్నమాట ఇప్పుడే నమ్మకు. సంప్ విప్పి, బేరింగ్ క్యాపులు తీసి చూపించమను. ప్లగ్గులు తీసేసి, క్రాంక్ పుల్లీ బోల్టుకు పానా వేసి చేత్తో తిప్పితే కొంచెమన్నా కదులుతుందా చూడు. కదిలితే బేరింగులు, క్రాంక్ మీద గీతలు, అంతవరకే ఉండొచ్చు. క్రాంక్‌ను పావు మిల్లీమీటర్ అండర్ సైజ్ గ్రైండింగ్ చేయించి, ఆ సైజు బేరింగులు వేస్తే బండి ఏళ్లకేళ్లు తిరుగుతుంది. బ్లాక్ గీసుకుపోతే, కనెక్టింగ్ రాడ్ వంగితే అప్పుడు వేరే సంగతి. కంపెనీ వాళ్లు విప్పి చూసే పని పెట్టుకోరు, అసెంబ్లీ మార్చుడే వాళ్లకు సులువు. ఎవరన్నా స్క్రాప్ బండి ఇంజన్ సగం ధరకు పెట్టిస్తా అంటే మాత్రం ఆగు, ఇంజన్ నంబర్ మారుతుంది, ఆర్టీఏలో ఆర్‌సీ మీద ఎక్కించుకోకపోతే రేపు అమ్మేటప్పుడూ తిప్పలే, క్లెయిమ్‌లోనూ తిప్పలే.

ఇంకొకటి, సెల్ఫ్ మళ్లీ మళ్లీ కొట్టకు. ఎవరినీ కొట్టనియ్యకు.

నర్సంపేట_రోడ్:

అసలు రోడ్డు మీద వడ్లు ఎండబోసినవాళ్ల మీద కేసు పెట్టాలి. పోయిన సీజన్‌లో మా బాబాయి బైక్ మీద రాత్రి ఆ కుప్పలోకి పోయి చెయ్యి విరగ్గొట్టుకున్నాడు. పోలీసులు ప్రతి ఏడాదీ పొయ్యొద్దని చెప్తారు, ఎవరు వింటారు.

బ్రదర్, నువ్వు చేసిన తప్పు లైట్ సంగతి రాసివ్వడం. లైటే వెలగలేదు, రాయి తగిలిన దగ్గరే ఆగిపోయింది అని ఉంటే అయిపోయేది. ఇప్పటికన్నా మార్చి ఇంకో స్టేట్‌మెంట్ ఇవ్వు.

కల్లం_గట్టు:

కేసు పెట్టేముందు ఒక్కమాట వినుండ్రి. మాది ఆత్మకూర్ దిక్కు. కొనుగోలు సెంటర్‌లో తేమ 17 శాతం దాటితే కాంటా పెట్టరు. హార్వెస్టర్‌తో కోసిన పచ్చి వడ్లు, ఊళ్లో కల్లాలు లేవు, ఉన్న జాగలన్నీ ప్లాట్లయినయ్, మబ్బు పట్టిందంటే గుండె దడదడ. తారురోడ్డు మీద ఒక్క ఎండకే ఎండుతయ్. తప్పు కాదని అంటలేను. పరదా మీద రాళ్లకు బదులు ఇసుక సంచులు పెట్టాలి, రాత్రికి రోడ్డు దిక్కున్న అంచుకు ఏదన్నా మెరిసేది కట్టాలి, మేం మా వడ్ల దగ్గర పాత సీడీలు కట్టినం, లైట్ పడితే దూరం నుంచే కనపడతయ్. హన్మకొండ అన్నా, మీకు జరిగినదానికి బాధగానే ఉంది. ఆ లారీవాడు డిమ్ కొడితే సగం గొడవ ఉండకపోవు.

క్లెయిమ్_ఫైల్:

నేను ఇన్సూరెన్స్ క్లెయిమ్స్‌లో పనిచేసి బయటికి వచ్చాను, ఏ కంపెనీ తరఫునా మాట్లాడటం లేదు.

ముందు స్టేట్‌మెంట్ మార్చమన్న సలహా. దయచేసి ఆ పని చేయకండి. మొదట రాసిచ్చింది ఫైల్‌లో ఉంటుంది, రెండోది ఇవ్వగానే మీరు అబద్ధం చెప్పినట్టు రికార్డవుతుంది, పాస్ చేస్తానన్న సంప్ కూడా పోతుంది. పైగా టో చేసిన స్లిప్‌లో బండి ఎక్కడ ఎత్తారో ఉంటుంది, అది రాయి తగిలిన చోటు కాదు కదా.

ఇప్పుడు అసలు విషయం. మన దేశంలో కారు ప్యాకేజీ పాలసీ, అదే మీరు ఫుల్ ఇన్సూరెన్స్ అంటున్నది, దాని షరతుల్లో ఒక మాట ఉంటుంది, ఎవరూ చదవరు. ప్రమాదం జరిగాక అవసరమైన రిపేర్ చేయించకుండా బండి నడిపితే, దానివల్ల పెరిగిన డ్యామేజీ మొత్తం ఓనర్ బాధ్యతే. సర్వేయర్ పట్టుకుంది దాన్నే. దీనికి తోడు, ప్రమాదంలో నేరుగా దెబ్బతిన్నది కాకుండా దాని పర్యవసానంగా వచ్చిన నష్టాన్ని మామూలు పాలసీ కవర్ చేయదు. రాయి తగిలింది సంప్‌కు, ఇంజన్ పోయింది ఆయిల్ లేకుండా తిరిగినందుకు. వాళ్ల లెక్క ఇది. వినడానికి చేదుగా ఉంటుంది, కాదనడం కష్టం.

ఏజెంట్ చెప్పిన బంపర్ టు బంపర్ అంటే జీరో డెప్రిసియేషన్. అది పార్టుల ధరలో కోత లేకుండా చేస్తుంది, అంతే. అది లేకపోతే మూడు నుంచి నాలుగేళ్ల బండికి ఇనుప పార్టుల మీద 25 శాతం, రబ్బరు, ప్లాస్టిక్ మీద 50 శాతం కోస్తారు. ఇంజన్‌కు విడిగా ఇంజన్ ప్రొటెక్ట్ అనే యాడ్ ఆన్ ఉంటుంది, నీళ్లు పోయి పాడైనా, కింద దెబ్బతగిలి ఆయిల్ కారిపోయి పాడైనా అది పనికొస్తుంది. అందులోనూ తెలిసి నడిపితే ఇవ్వం అనే మెలిక పెట్టే కంపెనీలు ఉన్నాయి. మీ పాలసీ షెడ్యూల్ తీసి, ప్రీమియం లెక్క వేసిన పేజీలో ఏ యాడ్ ఆన్‌కు డబ్బులు తీసుకున్నారో చూసి ఇక్కడ రాయండి. ఓన్ డ్యామేజ్, అంటే మీ సొంత బండి డ్యామేజీకి కట్టే ప్రీమియం ఎంతో, ఎన్‌సీబీ, అంటే క్లెయిమ్ చేయనందుకు అందులో ఇచ్చే తగ్గింపు ఎంతో కూడా.

హన్మకొండ_హ్యాచ్‌బ్యాక్:

చూశాను సార్. జీరో డెప్ ఉంది, రోడ్‌సైడ్ అసిస్టెన్స్ ఉంది. ఇంజన్ ప్రొటెక్ట్ లేదు. రోడ్‌సైడ్ అసిస్టెన్స్ ఉండి కూడా నేను టోకు చేతి నుంచి 3,500 కట్టాను, ఆ రాత్రి గుర్తే రాలేదు. ఓన్ డ్యామేజ్ డిస్కౌంట్‌కు ముందు 8,400, ఎన్‌సీబీ 35 శాతం. సంప్ 6,200, గ్యాస్కెట్ 400, లేబర్ 1,400 రాశారు, ఆయిల్, ఫిల్టర్ రావన్నారు. ఏజెంట్‌కు ఫోన్ చేస్తే ఇంజన్ ప్రొటెక్ట్ మీరే వద్దన్నారు సార్ అంటున్నాడు. నన్ను అడిగిందెప్పుడు?

క్లెయిమ్_ఫైల్:

అయితే లెక్క చూద్దాం. మొత్తం 8,000, అందులో తప్పనిసరి కోత 1,000 పోతే (1500 సీసీ లోపు బండ్లకు అంతే) మీకు వచ్చేది 7,000. టో బిల్లు కూడా పెట్టండి, మామూలు పాలసీలో కారుకు 1,500 దాకా ఇస్తారు.

ఇక పోయేది. ఈసారి క్లెయిమ్ లేకపోతే రెన్యువల్‌లో మీ ఎన్‌సీబీ 45 శాతం అవుతుంది. క్లెయిమ్ తీసుకుంటే సున్నా. ప్రీమియం ఇంతే ఉంటుందనుకుంటే వచ్చే ఏడాది 3,780 పోయినట్టు. ఆ తర్వాతి ఏడాది 50 శాతం ఉండాల్సింది 20 ఉంటుంది, 2,520. ఆపై ఏడాది 50కి బదులు 25, అంటే 2,100. మొత్తం 8,400. బండి పాతబడేకొద్దీ ప్రీమియం కొంత తగ్గుతుంది కాబట్టి వచ్చేదీ పోయేదీ దాదాపు సమానం. పైగా జీరో డెప్ చాలా పాలసీల్లో ఏడాదికి రెండు క్లెయిమ్‌లకే పనిచేస్తుంది, ఒకటి ఇక్కడ వాడేసినట్టు. నేనైతే విత్‌డ్రా చేసుకుంటాను.

కానీ ఆ పని ఇవాళే చేయకండి. విత్‌డ్రా అంటే ఇంజన్ మీద మీరు పోట్లాడే దారి కూడా మూసుకున్నట్టే. ముందు నిర్ణయం కాగితం మీద తీసుకోండి, సర్వే రిపోర్ట్ కాపీ అడగండి. నోటిమాట మీద ఏదీ వదలొద్దు. ఒప్పుకోలేకపోతే కంపెనీ ఫిర్యాదుల విభాగానికి రాయండి, నెలలోపు జవాబు రాకపోయినా, నచ్చకపోయినా హైదరాబాద్‌లో ఇలాంటి ఫిర్యాదులు విని తేల్చే ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్ ఉన్నారు, ఏడాదిలోపు పెట్టుకోవాలి, ఫీజు లేదు, లాయర్ అక్కర్లేదు. మీ కేసులో లైట్ చూసి ఆరు కిలోమీటర్లు నడిపినట్టు మీ సంతకమే ఉంది కాబట్టి నాకైతే ఆశ తక్కువ. రాయి తగిలిన చోటే ఆపి, ఇంజన్ అప్పటికే పోయిందన్న కేసు అయితే నేనే ఫిర్యాదు రాసిచ్చేవాణ్ని.

పాత_స్పానర్:

విప్పి చూపించిండ్రా తమ్మీ?

హన్మకొండ_హ్యాచ్‌బ్యాక్:

విప్పారన్నా. మొన్న మీరు చెప్పినట్టే చూడటానికి ఒక మిస్త్రీని వెంటబెట్టుకుని పోయాను. పానా వేసి తిప్పితే బరువుగానే కానీ కదిలింది. మూడో సిలిండర్ బేరింగ్ ముక్క నా చేతిలో పెట్టాడు, రాగి రంగు బయటపడి, అంచు రేకులాగా వంగిపోయింది. సంప్ అడుగున వెండి పొడిలాంటిది మిలమిల మెరుస్తుంది. బ్లాక్ బాగుంది, రాడ్ వంగలేదు అన్నాడు. క్రాంక్ గ్రైండింగ్, బేరింగులు, ఆయిల్ పంపు, రింగులు, సంప్ అన్నీ కలిపి 46,000 చెప్పాడు, పాత ముక్కలన్నీ చూపించి ఇస్తానన్నాడు. వర్క్‌షాప్‌లో విప్పినందుకు 2,500 కట్టించుకుని బండి వదిలారు.

కంపెనీ నుంచి మెయిల్ వచ్చింది, సార్ చెప్పిన షరతునే ఎత్తి రాశారు. రెండు రోజులు ఆలోచించి క్లెయిమ్ విత్‌డ్రా చేశాను, ఎన్‌సీబీ పోకుండా జీరో పేమెంట్‌తో క్లోజ్ చేసినట్టు మెయిల్ పెట్టమని అడిగి తీసుకున్నాను. ఏజెంట్‌ను మార్చేది ఖాయం.

మా అమ్మ మాత్రం లైట్ వెలిగినప్పుడే నన్ను లేపితే ఆపమని చెప్పేదాన్ని కదరా అంటుంది. మొదటి వెయ్యి కిలోమీటర్లు 60 దాటొద్దన్నాడు మిస్త్రీ, వచ్చే వారం కరీంనగర్‌లో పెళ్లి ఉంది, బస్సుకే పోతున్నాం.